జారిన కత్తిని వదిలెయ్యడం

ముప్పై ఒక్క ఏళ్లు డ్రిల్లు సారుగా పనిచేశాను. నా చేతి కింద ఒక్క పిల్లవాడి కాలు విరగలేదని, ఒక్క పన్ను రాలలేదని రిటైరైన రోజు అందరూ పొగిడారు. శాలువా కప్పారు. నేనూ తల వంచి కప్పించుకున్నాను. కానీ నా చేతి కింద ఒక చెయ్యి తెగింది. అది పిల్లవాడి చెయ్యి కాదు కాబట్టి ఎవరూ గుర్తు చెయ్యలేదు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన వ్యాయామ ఉపాధ్యాయులు ఎవరైనా ఇది చదివితే, జాగ్రత్తల గురించి రాశాడనుకునేరు. ఆ జాగ్రత్తలన్నీ మీ పుస్తకాల్లో ఉన్నాయి. నేను రాస్తున్నది నా ఓర్వలేనితనం గురించి.

జగిత్యాలలో నాకు కొంచెం పేరుండేది. సీసాల ఆకారంలో ఉండే మూడు చెక్క క్లబ్బులు, వాటి కొసలకు చుట్టిన కిరోసిను గుడ్డలు. అవి వెలిగించి, మూడింటినీ ఒకదాని వెనక ఒకటి గాలిలోకి విసిరి పట్టేవాణ్ని. ఏటా పంద్రాగస్టుకు నా ఆట ఉండాల్సిందే. ఊళ్లో నన్ను కాగడాల సారు అనేవారు. ట్రెయినింగు కాలేజీలో ఒక ముసలి మాస్టారు దగ్గర రెండేళ్లు తంటాలు పడి నేర్చుకున్నాను. మూడు దాటి నాలుగోది ఎప్పుడూ నా వల్ల కాలేదు. ఇరవై ఏళ్లు మూడింటితోనే నెట్టుకొచ్చాను. జనం కూడా మూడుకే చప్పట్లు కొట్టారు, ఎందుకంటే నాలుగు విసిరేవాణ్ని వాళ్లు చూడలేదు.

ఆ విసిరేవాడు మా బడికి లెక్కలు చెప్పడానికి వచ్చాడు. విద్యా వలంటీరు. కొడిమ్యాల దగ్గర ఊరు, తండ్రి కల్లు గీతకు తాళ్లెక్కుతాడు. ఇతనూ పొద్దున్నే నాలుగు తాటిచెట్లు గీసి, స్నానం చేసి, బండి మీద బడికి వచ్చేవాడు. టీచరు పోస్టు పరీక్షకు చదువుతున్నాడు. పరీక్ష పాసయితే వాళ్లింట్లో చెట్టెక్కకుండా బతికే మొదటివాడు అవుతాడు. ఒకరోజు గ్రౌండులో నా దగ్గరకొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, నాకు గా కాగడాల ఆట నేర్పుతరా?"

నేను పొంగిపోయాను. అన్నేళ్లలో నన్ను అడిగిన మొదటి మనిషి. టెన్నిసు బంతులతో మొదలుపెట్టించాను. వారానికి మూడు బంతులు వచ్చేశాయి. నెలకు క్లబ్బులు పట్టాడు. రెండు నెలలకు నాలుగో క్లబ్బు అడిగాడు. నా దగ్గర మూడే ఉన్నాయన్నాను. మరుసటి సోమవారం తనే ఒకటి చెక్కించుకుని వచ్చి, నాలుగూ విసిరి పట్టి, పిల్లవాడిలా నవ్వుతూ నావైపు చూశాడు.

"మంచిగున్నది" అన్నాను. నా నోటికి చేదు తగిలింది.

మా తెలుగు సారు స్టాఫురూములో ఛాయ్ తాగుతూ, "ముందొచ్చిన చెవులకన్న ఎనకొచ్చిన కొమ్ములు వాడి అంటరు గదా సార్, గిదే" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నా గ్లాసులోని ఛాయ్ మాత్రం తాగబుద్ధి కాలేదు. ఇంటికి పోతే మా ఆవిడ ముఖం చూసి పట్టేసింది. "ఎవలన్న పైకొస్తే నీకు అన్నం అరగదు" అంది. నిజమే. ఆ రాత్రి నాకు అన్నం అరగలేదు.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులు. సమ్మె మొదలయ్యాక బడులు మూతబడ్డాయి, బస్సులు ఆగాయి. జగిత్యాల చౌరస్తాలో మా ఉద్యోగుల టెంటు వేశాం. రోజుకొక శాఖ వాళ్లు నిరాహారదీక్షలో కూర్చునేవారు. ఒకరోజు రోడ్డు మీదే వంటలు, ఒకరోజు బతుకమ్మలు. జనం నిలబడాలంటే ఆటా పాటా ఉండాలి కాబట్టి, నా కాగడాలు అవసరమయ్యాయి. ఉద్యమంలో నా వంతు ఇది అని నాకు గర్వంగా ఉండేది. వారం రోజులు చౌరస్తాలో నేనే రాజును.

ఎనిమిదో రోజు అతను మూడు గీత కత్తులు పట్టుకుని వచ్చాడు. తాటి గెలను గీసే కత్తులు. వెడల్పుగా, పలుచగా, వెంట్రుకను తెంపేంత పదునుగా ఉంటాయి. జనం ముందు ఒక నిమ్మకాయను గాలిలోకి ఎగరేసి రెండు ముక్కలు చేసి, పదును చూపించాడు. తర్వాత మూడు కత్తులూ గాల్లోకి లేచాయి. మిట్టమధ్యాహ్నం ఎండ. ఆ ఎండకు కత్తులు మెరుస్తుంటే దీక్షలో పడుకున్న రెవెన్యూ వాళ్లు కూడా లేచి కూర్చున్నారు. మైకు పట్టుకున్న ఆయన గొంతు పోయేలా అరిచాడు. "గిది మన కులవృత్తి! గిది మన తెలంగాణ!"

అవును మరి. నా చెక్క క్లబ్బులు ఎక్కడివి? ఏదో కాలేజీ నుంచి తెచ్చుకున్నవి. అతని చేతిలో తాత కత్తి ఉంది. ఆ రోజు నా కాగడాలు ఎవరూ అడగలేదు.

నాకు కొత్త పని అప్పగించారు. ఆడేవాడి చుట్టూ ఎనిమిది అడుగుల దూరం సున్నంతో గీత గియ్యడం, ముందు వరుస పిల్లల్ని కూర్చోబెట్టడం, కింద పడిన కత్తి ఎగిరి జనంలోకి పోకుండా తడి గోనె బస్తాలు పరచడం. ఇవన్నీ నాకే తెలుసు కాబట్టి నేనే చెయ్యాలన్నారు. పరిచేవాణ్ని. రెండు రోజుల్లో నన్ను కాగడాల సారు అనడం మానేసి, బస్తా సారు అనడం మొదలుపెట్టారు. ప్రేమగానే అన్నారు. అదే ఎక్కువ మండేది.

నా వంతు న్యాయంగా చెప్పుకోవాలంటే, కత్తుల పదును తీసెయ్యమని అతనికి అందరి ముందూ చెప్పాను.

"మొద్దు కత్తి పట్టుకుంటె మా తాత నవ్వుతడు సార్" అన్నాడు.

నేను ఇంకోసారి చెప్పలేదు. చెప్పాల్సింది చెప్పాను, నలుగురూ విన్నారు, చాలనుకున్నాను. చెప్పులు విప్పి బూట్లు వేసుకోమన్నాను, వేసుకున్నాడు. నలుగురికీ కనబడే జాగ్రత్తలన్నీ నేను చక్కగా తీసుకున్నాను.

కోరుట్లలో కనబడనిది బయటపడింది. అక్కడి టెంటు వాళ్లు పిలిస్తే జీపులో పోయాం. బీడీలు చేసే ఆడవాళ్లు చాలామంది వచ్చారు, చాటలు ఒళ్లో పెట్టుకునే కూర్చున్నారు. అతను ఆడుతుండగా ఒక కత్తి అడ్డంగా తిరిగింది. అతని కుడిచెయ్యి దాని వెంట పోయింది. నేల నుంచి మూరెడు ఎత్తులో కత్తిని పిడి దగ్గర పట్టుకుని, మళ్లీ పైకి విసిరాడు. జనం అది కావాలని చేసిన విద్య అనుకున్నారు. ఈలలు, చప్పట్లు. ఒక ముసలమ్మ లేచి వచ్చి అతని ముఖం చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. నేను మాత్రం ఆ చెయ్యినే చూశాను. ఆ కత్తి ఇంకొంచెం తిరిగి ఉంటే అతని చేతికి అందేది పిడి కాదు.

కత్తులతో, కాగడాలతో ఆడేవాడు మొదట నేర్చుకోవాల్సింది పట్టడం కాదు, వదలడం. జారిందా, పోనియ్యాలి. రెండు చేతులూ పొట్టకు ఆనించుకుని ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. ఇది చెప్తే సరిపోదు, చేతికి అలవాటు చెయ్యాలి. కావాలని జారవిడిచి, పట్టకుండా నిలబడడం రోజూ చేయించాలి. మా ముసలి మాస్టారు నాతో పది రోజులు అదే చేయించాడు. ఇతనికి నేను ఎందుకు చేయించలేదంటే, బంతులూ క్లబ్బులూ పడితే ఎవరికీ ఏమీ కాదు కాబట్టి అంతదాకా రాలేదు. కోరుట్ల దాకా నా తప్పు అంతే.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో అడిగాను. "జారిన దాని ఎంట పోతున్నది నీ చెయ్యి. ఎందుకు?"

అతను నవ్వాడు. "మాకు గదే నేర్పుతరు సార్. చెట్టు మీద కత్తి జారితే కింద ఎవలుంటరో ఎర్కనా? కల్లు లొట్టి పట్టుకొని మా అమ్మ ఉండొచ్చు, కల్లుకొచ్చినోళ్లు ఉండొచ్చు. మా నాయన నాకు చెప్పిన మొదటి మాట గదే. నువ్వు పడ్డా మంచిదే గని, కత్తి కింద పడొద్దు."

నాకు అంతా అర్థమైంది. చెట్టు మీద ప్రాణాలు కాపాడే అలవాటు నేల మీద చెయ్యి తీస్తుంది. రేపు పొద్దున్నే గ్రౌండుకు రమ్మని, వదలడం మొదలుపెట్టిద్దామని అనుకున్నాను. ఒట్టు, అనుకున్నాను.

పొద్దున్నే పేపరు వచ్చింది. జిల్లా పేజీలో సగం నిండా అతని ఫొటో. మూడు కత్తులు గాల్లో, అతని ముఖం పైకెత్తి, వెనక ఆ బీడీల ఆడవాళ్లు నోళ్లు తెరిచి. ఫొటో అంచున ఒక గోనె బస్తా, దాన్ని పట్టుకున్న ఒక మోచెయ్యి. ఆ మోచెయ్యి నాది. ఇరవై ఏళ్లు కాగడాలు విసిరితే ఒక్కసారి నా ఫొటో పేపర్లో పడలేదు, పడితే మోచెయ్యి పడింది.

పేపరు మడిచి పెట్టేశాను. గ్రౌండుకు పోలేదు. తర్వాతి రోజూ పోలేదు. అతను చెడిపోవాలని నేను కోరుకోలేదు. ఈ మాట ఎన్నిసార్లో నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఒక్కసారి, జనం ముందు, ఒక్క కత్తి అతని చేతికి అందకుండా కింద పడి చప్పుడు చేస్తే బాగుండునని కోరుకున్నాను. జనం అయ్యో అంటే వినాలనుకున్నాను. అతని చెయ్యి దాన్ని పడనివ్వదని తెలిసి కూడా కోరుకున్నాను.

వారం తర్వాత సిరిసిల్ల. అక్కడ మరమగ్గాలు ఆ రోజు ఆగిపోయాయి. ఎప్పుడూ సాంచాల చప్పుడుతో నిండి ఉండే వీధుల్లో మనుషుల గొంతులు వినబడుతున్నాయి. చౌరస్తా నిండా నేత కార్మికులు. స్టేజి వెనక నేను బస్తాలు తడుపుతుంటే అతను వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కత్తుల పిడులను గుడ్డతో తుడుస్తున్నాడు.

"సార్, ఒకటి అడుగుత. నా ఆటల ఏమన్న తప్పున్నదా?"

"ఏమొచ్చింది ఇప్పుడు?"

"ఉత్తగనే. మీరు చూస్తున్నరు గదా. ఏమన్నుంటె చెప్పున్రి. ఇయ్యాల బంద్ చేసి, నేర్చుకున్నంకనే ఆడుత."

బస్తా నుంచి నీళ్లు కారుతున్నాయి. బయట మైకులో అతని పేరు చెప్తున్నారు, జనం ఊగిపోతున్నారు. నేను అతని ముఖం చూడలేదు.

"ఏం లేదు. మంచిగున్నది" అన్నాను.

అతను నా మోకాలు తాకి దండం పెట్టుకుని స్టేజి ఎక్కాడు.

చాలా బాగా ఆడాడు. అది కూడా చెప్పాలి. అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. జనానికి సంతోషం పట్టలేక ముందు వరుసలో కొందరు బతుకమ్మకు తెచ్చిన బంతిపూలు తెంపి అతని మీద చల్లారు. ఆడేవాడి మీద ఏదీ చల్లొద్దని చెప్పాల్సినవాణ్ని నేనే. నా మీద ఎప్పుడూ ఎవరూ పూలు చల్లలేదు కాబట్టి ఆ జాగ్రత్త నాకు తట్టలేదు. పూరెక్కలు అతని కళ్ల మీద పడ్డాయి. రెప్ప కొట్టాడు. కత్తి పక్కకు జారింది.

అతని చెయ్యి వెంట పోయింది.

నేను "వదులు!" అని అరిచాను. ముందే చెప్పాల్సిన ఆ మాట ఆ చప్పట్లలో ఎవరికీ వినబడలేదు, అతనికీ వినబడలేదు. అతను కత్తిని పట్టాడు. కింద పడనివ్వలేదు. అలాగే పట్టుకుని నిలబడి, పిడికిట్లోంచి రక్తం కారుతుంటే ఇదేంటన్నట్టు చూశాడు.

తర్వాత నేను చేసినవన్నీ సరిగ్గానే చేశాను. తువ్వాలు బిగించి కట్టాను, చెయ్యి పైకెత్తి పట్టుకున్నాను, జీపు ఎక్కించాను. సిరిసిల్లలో చూసి కరీంనగర్ తీసుకుపొమ్మన్నారు. దారి పొడుగునా రాస్తారోకోలు. ప్రతి చోటా నేను దిగి, మావాడే, ఉద్యమంలోనే తగిలిందని చెప్తే రాళ్లు పక్కకు జరిపి దారి ఇచ్చారు. ఆ దారంతా అతని చెయ్యి నా చేతుల్లో ఉంది. ఒక్కసారి కళ్లు తెరిచి, "పరీక్ష రాయొస్తదా సార్?" అని అడిగాడు. నొప్పి గురించి అడగలేదు. నేను వస్తుందన్నాను, నాకేం తెలుసని.

డాక్టరు నరాలు కలిపి కుట్టాడు. చెయ్యి నిలిచింది. చిటికెన వేలు, ఉంగరం వేలు ఇక ముడుచుకోవన్నాడు.

చీకటి పడేసరికి అతని తండ్రి వచ్చాడు. చెట్టెక్కే మోకు భుజాన వేసుకునే వచ్చాడు, దించడం మర్చిపోయినట్టున్నాడు. నన్ను చూసి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సారూ, మీరు లేకుంటె నా కొడుకు చెయ్యి పోతుండెనట. డాక్టర్‌సాబు చెప్పిండు."

ఆయన బెంచీ మీద కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"నేను వద్దన్న సారూ. చెట్టు మీద తీరు వేరు, గాడ జనంల తీరు వేరు. కత్తి జారితె నీ చెయ్యి ఆగదురా, తెగుతది అన్న. సారును అడుగుత, సారు తప్పున్నదంటె బంద్ చేస్త అన్నడు. పొద్దుగాల ఫోన్ చేసి చెప్పిండు, ఇయ్యాల అడుగుతనని. మీరు ఏం లేదన్నరట గదా, ఇప్పుడే లోపల వాడు చెప్పిండు. సారు చూసి చెప్పినంక ఇగ నాదేమున్నది? నేనేమన్న చదువుకున్నోన్నా?"

చదువు లేని ఆ మనిషి ఇంటి దగ్గరే ఉండి పసిగట్టిన తప్పును, చదువుకున్న నేను కళ్లారా చూసి కప్పిపెట్టాను. ఆ బెంచీ మీద ఆయన పక్కన కూర్చోలేక, మందులు తెస్తానని లేచిపోయాను.

నాలుగు రోజుల తర్వాత జగిత్యాల టెంటులో నాకు దండ వేశారు. సమయానికి స్పందించి ప్రాణం కాపాడిన సారు అని మైకులో చెప్పారు. జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు. ఆ రోజు నాలుగు కత్తులు విసిరినా అన్ని చప్పట్లు వచ్చేవి కావు. దండ ఇంటికి తీసుకుపోలేక దారిలో ఒక ఆవుకు పెట్టాను.

నెల రోజులు అతని ఇంటికి పోలేదు. పోకపోవడానికి రోజుకొక కారణం దొరికింది. చివరికి మా ఆవిడే, "పోతవా, నన్ను పొమ్మంటవా?" అంది. ఆమెకు నేనేమీ చెప్పలేదు, కానీ ఆమెకు తెలియంది ఏముంటుంది?

పోయేసరికి వాకిట్లో చాప మీద కూర్చుని రాసుకుంటున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెన్ను ఇరికించుకుని, లెక్క మీద లెక్క చేస్తున్నాడు. అంకెలు ఒకటో తరగతి పిల్లవాడు రాసినట్టు వంకరపోతున్నాయి. నన్ను చూసి లేవబోయాడు. కూర్చోమని నేను కూడా చాప మీద కూర్చున్నాను. వాళ్లమ్మ మంచినీళ్లు ఇచ్చి లోపలికి పోయింది.

"నాకు ముందుగాలనే తెలుసు" అన్నాను. "నీ చెయ్యి కత్తి ఎంట పోతదని."

అతను పెన్ను కింద పెట్టాడు. "కోరుట్ల నుంచేనా సార్?"

"ఔ."

"దానికి మందున్నదా? మాన్పియ్యొస్తదా?"

"వస్తది. నాకు మాన్పిచ్చిన్రు."

"మరి నన్నెందుకు…"

"నీకు చప్పట్లు ఎక్కువ కొడ్తున్నరని."

నేను క్షమించమని అడగలేదు. అడిగితే అతను సరే అంటాడని తెలుసు, అతని పెంపకం అలాంటిది. ఆ సుఖం కూడా అతని దగ్గర గుంజుకోవాలనిపించలేదు. అతను చాలాసేపు తన చేతినే చూసుకున్నాడు. కోపం చేస్తాడేమో, తిడతాడేమో అని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

లేచి, గోడ పక్కన పడి ఉన్న తాటి మట్ట ముక్కలు మూడు ఏరుకొచ్చాడు. ఎడమ చేత్తో నాకు ఇచ్చాడు.

"గా వదిలేసుడు ఎట్లనో చూపెట్టున్రి."

"ఇప్పుడెందుకురా?"

"చూపెట్టున్రి సార్."

లేచి నిలబడ్డాను. జారిందనుకో, రెండు చేతులు పొట్టకు, ఒక్క అడుగు ఎనక్కి అని చెప్పి, మట్ట ముక్కను విసిరి వదిలేశాను. అది నా కాళ్ల ముందు పడింది. తర్వాత అతను ఎడమ చేత్తో విసిరాడు. మొదటిసారి చెయ్యి వెంట పోయి పట్టేసింది. రెండోసారీ పట్టేసింది. మూడోసారి కట్టు కట్టిన కుడిచెయ్యే ముందుకు పోయి, నొప్పికి పళ్లు బిగించాడు. వద్దన్నాను. వినలేదు.

నాలుగోసారి రెండు చేతులూ పొట్టకు ఆనించుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. మట్ట ముక్క నేల మీద పడి దొర్లి ఆగింది. అతను దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"గింతేనా సార్?" అన్నాడు.

"గింతే" అన్నాను.